పట్టా పోపుగారిది, అనుభవం సన్యాసులది
వందల ఏళ్ళు నలిగిన ఫ్రాన్సిస్కన్ల ఆస్తి తగవు

పొలం ఒకరి పేర ఉంటుంది, దున్నేది మరొకరు. పల్లెటూళ్ళలో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు. వెనకటి రోజుల్లో కరణంగారు రాసే అడంగల్‌లో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఒక గడి ఉండేవి. ఆ రెండు గడుల నడుమ పుట్టిన తగవులు మునసబు కోర్టు దాకా, అక్కడి నుంచి హైకోర్టు దాకా నడిచిన ఊళ్ళు చాలానే ఉన్నాయి. ఇటలీ దేశంలో 800 ఏళ్ళ కిందట సరిగ్గా ఈ రెండు గడుల మీదనే ఒక తగవు మొదలైంది. అందులో విచిత్రమేమంటే, ఉభయ పక్షాలలో ఎవరూ "ఆస్తి మాది" అని కొట్లాడలేదు. ఒక పక్షం "మాకొద్దు మొర్రో" అంటుంటే, రెండో పక్షం "కాదు, అది మీదే" అని అంటగట్టింది. ఆ గొడవలో నలుగురు సన్యాసులను బతికుండగానే కాల్చారు. ఒక సభాధిపతి రాత్రికి రాత్రి పారిపోయి పరాయి దేశంలో కన్నుమూశాడు.

ఆ వద్దన్నవారే ఫ్రయర్లు. లాటిన్ భాషలో 'ఫ్రాతెర్' అంటే సోదరుడు. అది ఫ్రెంచి, ఇంగ్లీషు నోళ్ళలో నలిగి ఫ్రయరు అయింది. కాథలిక్కు సన్యాసుల్లో అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నవారు మఠవాసులు. క్రీ.శ. 6వ శతాబ్దంలో బెనెడిక్టుగారు రాసిన నియమావళి ప్రకారం నడిచే ఆ మఠాల్లో ఒకసారి చేరితే కడతేరేదాకా అక్కడే. మఠానికి పొలాలుంటాయి, మరలుంటాయి, కౌలుదార్లుంటారు. సన్యాసికి సొంతాన చిల్లిగవ్వ లేకపోయినా మఠం మాత్రం చిన్నసైజు జమీందారీ. ఫ్రయర్లు ఆ దారి పట్టలేదు. వారు పట్నాల్లో, జనం మధ్యన ఉంటారు. ఇవాళ ఈ ఊరు, రేపు మరో ఊరు. బోధ చేస్తారు, పని చేస్తారు, చాలకపోతే ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటారు. మన ఊళ్ళలో జంగమదేవరలకు, జోలె పట్టిన సాధువులకు బియ్యం పోసే తల్లులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. కానీ యూరపులో అప్పటికి అది కొత్త. సన్యాసి అడుక్కోవడమేమిటని ముక్కున వేలేసుకున్నవారే ఎక్కువ.

ఇలాంటి సభలు ఆ రోజుల్లో అనేకం పుట్టినా, పెద్దవిగా నిలిచినవి నాలుగు: ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు, కార్మెలైట్లు, ఆగస్టీనియన్లు. 2025 మే 8న పోపుగా ఎన్నికైన 14వ లియోగారు ఈ నాలుగో సభకు చెందిన ఫ్రయరే. ఆస్తి తగవు మాత్రం ప్రధానంగా మొదటి సభది. అందుకు కారణం ఆ సభను పెట్టిన మనిషి.

గుడ్డల వ్యాపారి కొడుకు

అసిసీ అనేది ఇటలీ నడిబొడ్డున ఉంబ్రియా ప్రాంతంలో కొండవాలున ఉన్న చిన్న పట్నం. అక్కడ పియెత్రో బెర్నార్దోనె అనే గుడ్డల వర్తకుడికి 1181లోనో 1182లోనో ఒక కొడుకు పుట్టాడు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు జొవాన్ని. తండ్రి ముద్దుగా పిలిచిన పేరు ఫ్రాంచెస్కో. అదే మనవాళ్ళ నోట ఫ్రాన్సిస్. కుర్రవాడు డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టేవాడు. స్నేహితులకు విందులు, పాటలు, షికార్లు. 1202లో పొరుగు పట్నం పెరూజియాతో జరిగిన పోరులో పట్టుబడి ఏడాది పాటు చెరలో ఉన్నాడు. తిరిగివచ్చాక మనిషి మారిపోయాడు. కుష్ఠురోగులను చూస్తే ఆమడ దూరం పారిపోయేవాడు కాస్తా వారి దగ్గరికి వెళ్ళి పుండ్లు కడగడం మొదలుపెట్టాడు.

ఊరి వెలుపల సాన్ దమియానో అనే పాడుబడ్డ చిన్న చర్చి ఉండేది. దాన్ని బాగుచేయాలని ఫ్రాన్సిస్‌కు బుద్ధిపుట్టింది. తండ్రి కొట్లోంచి గుడ్డల తానులు గుర్రం మీద వేసుకుని ఫోలిన్యో సంతకు పోయి తానులూ అమ్మేశాడు, గుర్రాన్నీ అమ్మేశాడు. ఆ డబ్బు తెచ్చి చర్చి ఫాదరుగారికి ఇవ్వబోతే ఆయన భయపడి తీసుకోలేదు. ఫ్రాన్సిస్ ఆ సంచీని కిటికీ గూట్లోకి గిరాటు వేశాడు.

తండ్రి ఊరుకుంటాడా? కొడుకును పట్టి ఇంట్లో బంధించాడు. తల్లి కట్లు విప్పి పంపేసింది. చివరికి పంచాయతీ బిషప్‌గారి ఎదుటికి వచ్చింది. అది 1206వ సంవత్సరం. డబ్బు తండ్రికి ఇచ్చేయమని బిషప్ చెప్పారు. ఫ్రాన్సిస్ డబ్బు ఇచ్చాడు. ఆపైన ఒంటి మీది బట్టలు కూడా విప్పి, ఇవీ ఆయనవేనంటూ తండ్రి ముందు పెట్టాడు. ఊరంతా చూస్తుండగా దిగంబరంగా నిలబడ్డ ఆ పాతికేళ్ళ కుర్రవాడి మీద బిషప్‌గారు తన అంగీ కప్పారు. తండ్రి డబ్బూ బట్టలూ తీసుకుని ఇంటికి పోయాడు. ఈ కథ చెప్పే భక్తులు తండ్రిని తిట్టిపోస్తారు. కష్టపడి కొట్టు నడుపుకునే మనిషి, చెప్పకుండా సరుకు అమ్మేసిన కొడుకు మీద కోపగించడంలో మరీ అంత తప్పేముందో వారు చెప్పరు.

రెండు మూడేళ్ళలో తోటివారు చేరారు. అందులో బెర్నార్డు అనే ధనికుడు ఉన్నది అంతా అమ్మి బీదలకు పంచి వచ్చాడు. పన్నెండు మంది కాగానే రోము నగరానికి నడిచివెళ్ళి మూడవ ఇన్నొసెంట్ పోపుగారిని దర్శించుకున్నారు. ఆయన 1209 ప్రాంతంలో నోటిమాటగా అనుమతి ఇచ్చారు. తమను తాము వారు 'చిన్న సోదరులు' అని పిలుచుకున్నారు. ఆ రోజుల్లో అసిసీలో పెద్దింటివారికీ చిన్నవారికీ తేడా చూపే మాటల్లో 'చిన్న' అన్నది సామాన్య జనానికి వాడేది. పెత్తనం చేసేవారికి కూడా అధిపతి, ప్రభువు వంటి పేర్లు పెట్టుకోలేదు. సేవకుడు, సంరక్షకుడు అనే అర్థం వచ్చే మాటలే వాడారు.

బుట్టెడు చేపల కౌలు

అసిసీ కింది మైదానంలో పొర్జియుంకొలా అనే చిన్న గుడి ఉంది. ఆ పేరుకు అర్థం 'చిన్న చెక్క' అని. మనవాళ్ళు అర కుంట చెక్క, పావలా చెక్క అన్నట్టే. అది సుబాసియో కొండ మీది బెనెడిక్టు మఠం వారిది. వారు దాన్ని ఫ్రాన్సిస్‌కు ఊరికే ఇస్తామన్నారు. ఆయన తీసుకోలేదు. వాడుకుంటాంగానీ సొంతం చేసుకోమన్నాడు. పైగా ఏటేటా ఒక బుట్టెడు చేపలు ఆ మఠానికి పంపేవాడని చెబుతారు. కౌలు కడుతున్నంతకాలం స్థలం తమది కాదన్న సంగతి సోదరులకు గుర్తుండాలని ఆయన ఉద్దేశం. బదులుగా మఠంవారు ఒక జాడీ నూనె పంపేవారట.

ఇల్లు అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది. ఒకసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు పొర్జియుంకొలా దగ్గర సభకు వచ్చేవారి కోసం అసిసీ జనం రాతితో, సున్నంతో ఒక ఇల్లు కట్టి పైన పెంకులు వేశారు. తిరిగివచ్చి చూసిన ఫ్రాన్సిస్ నేరుగా కప్పు ఎక్కి పెంకులు పీకి కిందికి విసరడం మొదలుపెట్టాడు. ఊరి సిపాయిలు పరుగున వచ్చి, అయ్యా, ఈ ఇల్లు పట్నం వారిది, మీ సోదరులది కాదు అని చెబితేగాని దిగలేదు. పరాయివారి ఇల్లు కూలగొట్టే హక్కు తనకు లేదుకదా!

1220లో బొలోన్యా పట్నంలోనూ ఇదే వరస. అక్కడ కొత్తగా కట్టిన ఇంటిని జనం 'సోదరుల ఇల్లు' అంటున్నారని విని, లోపలున్న వారందరినీ తక్షణం బయటికి రమ్మన్నాడు. మంచాన పడ్డ రోగులను కూడా మోసుకు రావలసి వచ్చింది. చివరికి ఉగొలీనో అనే కార్డినల్‌గారు, ఆ ఇల్లు నాది అని నలుగురిలో ప్రకటిస్తేనే మళ్ళీ లోపలికి వెళ్ళనిచ్చాడు. తర్వాతి తగవులన్నిటికీ విత్తనం ఇక్కడే పడిందని చెప్పవచ్చు. ఇల్లు సోదరులదే, ఉండేది సోదరులే, పేరు మాత్రం కార్డినల్‌గారిది. ఈ ఉగొలీనోగారే తర్వాత తొమ్మిదవ గ్రెగరీ పోపు అయ్యారన్నది గుర్తుంచుకోవాలి.

1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపుగారు సభ నియమావళిని రాతపూర్వకంగా ఆమోదించారు. నియమావళి మొత్తం పన్నెండు చిన్న అధ్యాయాలే. సోదరులు నాణేలు గానీ డబ్బు గానీ చేతితో తాకరాదు, ఇంకొకరి చేత తీసుకోనూ రాదు. ఇల్లు, స్థలం, మరే వస్తువూ తమదని అనుకోరాదు. చేరేవాడు ఉన్నది అమ్మి బీదలకు ఇవ్వాలి, ఆ పంపకంలో సభవారు వేలు పెట్టరాదు. ఏడాది పాటు పరీక్షా కాలం. టోపీ ఉన్న అంగీ ఒకటి, కావాలంటే టోపీ లేనిది మరొకటి, నడుముకు తాడు. జబ్బు చేస్తే తప్ప, మరీ అవసరమైతే తప్ప గుర్రం ఎక్కరాదు. ఆ రోజుల్లో గుర్రమంటే ఇప్పటి కారు లెక్క, హోదాకు గుర్తు.

సోదరుల దినచర్య

చదువుకున్న సోదరులు రోజుకు ఎనిమిది వేళల్లో లాటిన్ ప్రార్థన పుస్తకం చదవాలి. నడిరేయి లేచి చేసే ప్రార్థనతో మొదలై, పడుకునే ముందు చేసేదానితో ముగుస్తుంది. మరి చదువురాని రైతుబిడ్డల సంగతో? వారికి ఫ్రాన్సిస్ నియమావళిలోనే లెక్క కట్టి పెట్టాడు. పరలోక ప్రార్థన నడిరేయికి 24 సార్లు, తెల్లవారుజామున 5 సార్లు, పగటి నాలుగు వేళల్లో ఏడేసి సార్లు, సాయంకాలం 12, పడుకునే ముందు 7. మొత్తం రోజుకు 76. అక్షరం ముక్క రాకపోయినా సభలో చోటు ఉందన్నమాట.

తక్కిన పొద్దంతా పని. కుష్ఠురోగుల ఆశ్రమాల్లో ఊడిగం, కోతల కాలంలో కూలి, మోత పనులు. కూలికి తిండి గింజలు తీసుకోవచ్చు, డబ్బు తీసుకోకూడదు. తొలినాళ్ళలో చేరిన జైల్స్ అనే సోదరుడి కథలు ఇటలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన అడవిలో కట్టెలు కొట్టి అమ్మి తిండి సంపాదించుకునేవాడు, నీళ్ళు మోసేవాడు, బుట్టలు అల్లేవాడు. ఒకసారి ఎత్తయిన అక్రోటు చెట్టు ఎక్కి కాయలు దులపడానికి ఎవరూ రాకపోతే, సగం పాలుకు ఒప్పుకుని తానే ఎక్కాడట. తన వాటా మోయలేనంత వచ్చింది. అంగీ విప్పి, చేతులూ టోపీ ముడివేసి సంచీలా చేసి, కాయలు నింపి రోము వీధుల్లో బీదలకు పంచేశాడట. ఆ పూటకు ఎంత కావాలో అంతకు మించి దగ్గర ఉంచుకోకపోవడం ఆయన పద్ధతి.

భిక్ష అన్నది పని దొరకనప్పటి మాట. జోలె భుజాన వేసుకుని జంటలుగా వెళ్ళేవారు. రొట్టె ముక్క, కూర, నూనె, ఏది వేస్తే అది. తొలిసారి వెళ్ళేవారికి సిగ్గు ముంచుకొచ్చేదని, పెద్దింటి బిడ్డలైతే మరీ ఇబ్బంది పడేవారని పాత గ్రంథాలు చెబుతున్నాయి.

ఆ తర్వాత ఏమైంది

ఫ్రాన్సిస్ 1226 అక్టోబరు 3 సాయంత్రం కన్నుమూశాడు. పోయేముందు ఒక వీలునామా చెప్పి రాయించాడు. ఆస్తి పంచే వీలునామా కాదు, ఆస్తి చేరనివ్వవద్దన్న వీలునామా. నియమావళికి వ్యాఖ్యానాలు చేయవద్దు, మాటలకు వేరే అర్థాలు తీయవద్దు, రోము నుంచి సిఫారసు ఉత్తరాలు తెచ్చుకోవద్దు అని కచ్చితంగా చెప్పాడు.

నాలుగేళ్ళు తిరగకుండానే సోదరులు పోపుగారి వద్దకు వెళ్ళి, ఈ వీలునామా మాకు చెల్లుతుందా చెల్లదా అని అడిగారు. వెళ్ళినవారిలో తెలుగు క్రైస్తవులు అంతోనివారు అని కొలిచే పదువా అంతోనిగారు కూడా ఉన్నారు. పోపు ఎవరు? ఫ్రాన్సిస్‌కు ఆప్తుడైన పాత ఉగొలీనోగారే. 1230 సెప్టెంబరు 28న ఆయన ఇచ్చిన తీర్పు: వీలునామా చెల్లదు. పోయిన మనిషి తర్వాతివారిని కట్టడి చేయలేడు. సోదరులకు వస్తువుల మీద హక్కు లేదు, అనుభవం మాత్రం ఉంది. డబ్బు విషయానికొస్తే, దాత తన డబ్బును ఒక నమ్మకమైన మధ్యవర్తి చేతిలో పెట్టవచ్చు, సోదరులకు అవసరమైనది ఆ మధ్యవర్తి కొని ఇస్తాడు. సోదరుడి చెయ్యి నాణెం తాకదు.

1245లో నాలుగవ ఇన్నొసెంట్ పోపుగారు ఇంకో అడుగు వేశారు. సోదరులు వాడుకునే వాటిలో దాతలు తమ హక్కు నిలుపుకోనివన్నీ రోము పీఠం సొత్తు అన్నారు. పట్టా పోపుగారిది, అనుభవం సోదరులది. పోపుగారి తరఫున కొనడానికి, అమ్మడానికి, కోర్టుకు వెళ్ళడానికి ముక్తార్లను పెట్టారు. కాగితం మీద చూస్తే ఫ్రాన్సిస్ మాట అక్షరాలా నిలిచింది. ఆ మాటల్లో ప్రాణం ఉందా అన్నదే ప్రశ్న.

సోదరులు దిగజారారని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పన్నెండు మంది ఉన్నప్పుడు చెట్టు కింద పడుకోవచ్చు. వేలమంది అయ్యాక రోగులకు కప్పు కావాలి, చదువుకునేవారికి పుస్తకాలు కావాలి. పారిస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బొనవెంచూర్ వంటి మహాపండితుడు 1257 నుంచి 17 ఏళ్ళు సభను నడిపాడు. పుస్తకం లేకుండా పండితుడెక్కడ? స్పెయిన్ దేశస్థుడు డొమినిక్ పెట్టిన సభకు 1216లో అనుమతి వచ్చింది. ఆయన మొదటి నుంచీ చదువునూ బోధనూ ముందు పెట్టుకున్నాడు గనుక, భిక్ష ఎత్తినా ఈ పట్టా తగవుతో వారు అంతగా తల బద్దలు కొట్టుకోలేదు.

ఊరి ఫాదర్లకూ వీరికీ పడేది కాదు. జనం పాపసంకీర్తనానికి ఫ్రయర్ల వద్దకు పోతున్నారు, చచ్చాక వారి చర్చిలోనే పూడ్చమంటున్నారు. దాంతో కానుకలూ అటే పోతున్నాయి. పారిస్ పండితుడు గియోమ్ 1250ల్లో, కాళ్ళూ చేతులూ ఉన్నవాడు పనిచేసుకోక అడుక్కోవడమేమిటని పుస్తకమే రాశాడు. చివరికి 1300లో ఎనిమిదవ బొనిఫేస్ పోపుగారు, ఫ్రయర్లకు వచ్చే అంత్యక్రియల రాబడి వగైరాల్లో నాలుగో వంతు ఊరి ఫాదరుకు చెందాలని పరిష్కారం చేశారు.

ఇంకోపక్క కొందరు సోదరులు కొట్లు కట్టి ధాన్యం నింపుకున్నారు, పీపాల్లో ద్రాక్షసారా దాచుకున్నారు. ఫ్లారెన్స్‌లో 1294-95 ప్రాంతంలో మొదలైన శాంతా క్రోచె చర్చిని చూసినవారు అది బిచ్చగాళ్ళ గుడి అని నమ్మరు. అందులో బార్ది అనే వడ్డీవ్యాపారుల కుటుంబం కట్టించిన గదిలో జొత్తో అనే మహా చిత్రకారుడు ఫ్రాన్సిస్ కథ బొమ్మలు వేశాడు. తండ్రి ఎదుట బట్టలు విప్పి ఇచ్చే ఘట్టం అందులో ఉంది. ఆ గోడకు రంగుల ఖర్చు బ్యాంకు సొమ్ములోది.

గుడ్డు ఎవరిది?

దీనిని భరించలేని సోదరులు దక్షిణ ఫ్రాన్సులో, ఇటలీలో గుంపుగా తేలారు. పట్టా లేకపోతే చాలదు, అనుభవం కూడా బీదగానే ఉండాలి అన్నది వారి వాదం. ఆ వాదానికి పెద్ద దిక్కు 1298లో చనిపోయిన పియేర్ ఒలివి అనే పండితుడు. వారు చాలీచాలని, అతుకులు వేసిన కురచ అంగీలు తొడిగేవారు. తక్కినవారికి అది కంటగింపు అయింది.

1316లో 22వ జాన్ పోపు అయ్యారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. అసలు సిసలు న్యాయశాస్త్రవేత్త, లెక్కల మనిషి. ఫ్రాన్సు దక్షిణాన అవిన్యోనులో కొలువు. 1317 అక్టోబరులో ఆయన ఆజ్ఞ వెలువడింది. అంగీ ఎంత పొడుగుండాలో, కొట్లలో ధాన్యం దాచవచ్చో లేదో పెద్దలు చెబుతారు, కిందివారు వినాలి. బీదరికం మంచిదే, విధేయత అంతకన్నా మంచిది అన్నది దాని సారాంశం. 60 మందికి పైగా సోదరులను పిలిపించి విచారించారు. చాలామంది లొంగారు. లొంగని నలుగురిని 1318 మే 7న మార్సెయ్ పట్నంలో కట్టెకు కట్టి కాల్చారు. వారు దొంగతనం చేయలేదు, దోపిడీ చేయలేదు. కురచ అంగీ విడవం, కొట్లకు ఒప్పుకోం అన్నందుకు అది శిక్ష. నియమావళిని మార్చే అధికారం పోపుకే లేదన్నది వారి మాట. ఆ మాటే అసలు నేరం అయింది.

అంతటితో ఆగలేదు. 1322 డిసెంబరు 8 నాటి ఆజ్ఞాపత్రంలో జాన్‌గారు పట్టా లెక్కనే తిరగదోడారు. ఆ వాదన వినదగ్గది. పొలాన్ని ఒకరు సొంతం చేసుకుని ఇంకొకరు వాడుకోవచ్చు. కానీ గుడ్డు మాటేమిటి? జున్నుముక్క మాటేమిటి? తింటే పోయే వస్తువుకు హక్కు వేరు, అనుభవం వేరు ఎలా అవుతుంది? సోదరుడు తినే గుడ్డుకు పట్టాదారు పోపుగారా? పైగా ఈ పట్టా వల్ల రోము పీఠానికి కలిగిన లాభం సున్న, మీద పడినవి వ్యాజ్యాలు. పట్టా లేదు కదా అని సోదరుల ఆశ తగ్గిందా అంటే అదీ లేదు. కాబట్టి మీ సొత్తు మీరే ఉంచుకోండి అని తిప్పికొట్టారు. సభ తరఫు వకీలు బొనగ్రాషియా దీనికి అభ్యంతరం రాసి అందజేస్తే ఆయన్ను జైల్లో వేశారు. అయినా ఆ అభ్యంతరం వృథా కాలేదు. సవరించిన పత్రంలో చర్చిలు, ఇళ్ళు, పూజాసామగ్రి వంటివాటి హక్కు రోము పీఠానికే మిగిలింది. గుడ్లు, జున్ను మాత్రం సోదరులకే వచ్చిపడ్డాయి.

1323 నవంబరు 12న మరో పిడుగు పడింది. ఏసుక్రీస్తుకూ శిష్యులకూ విడిగా గానీ ఉమ్మడిగా గానీ ఏమీ ఆస్తి లేదనడం మతద్రోహం అని పోపుగారు తేల్చారు. శిష్యుల డబ్బు సంచీ యూదా చేతిలో ఉండేదని సువిశేషంలోనే ఉంది కదా అన్నది ఒక వాదం. ఫ్రాన్సిస్కన్లకు ఇది గుండెకోత. క్రీస్తు బాటలో ఏమీ లేకుండా నడుస్తున్నామన్న నమ్మకం మీదే కదా వారి బతుకంతా నిలబడింది.

సభాధిపతి చెసేనా మికేలె మొదట్లో పోపుగారి పక్షమే. కురచ అంగీల వారిని అణచడంలో ఆయనకూ చెయ్యి ఉంది. ఇప్పుడు తానే ఎదురు తిరగవలసి వచ్చింది. అవిన్యోనుకు పిలిపించి ఊరు కదలనివ్వలేదు. 1328 మే 26 రాత్రి ఆయన, బొనగ్రాషియా, ఇంగ్లండు పండితుడు విలియం ఒకామ్ తప్పించుకుని సముద్రం మీదుగా పీసా చేరి, పోపుగారితో వైరమున్న జర్మనీ రాజు లూయీ పంచన చేరారు. మికేలె 1342లో మ్యూనిక్‌లో పోయాడు. ఒకామ్ కూడా 1347లో అక్కడే. వెళ్ళేటప్పుడు మికేలె సభ ముద్రను కూడా వెంట తీసుకుపోయాడు. ఆస్తి వద్దన్న మనిషి వదలనిది అదొక్కటే.

చీలికలు

మంటలు ఆరినా కోరిక ఆరలేదు. 1368లో పావులూచ్చో అనే చదువులేని సోదరుడు బ్రుల్యానో అనే కొండప్రాంతంలో మళ్ళీ పాత పద్ధతిలో బతకడం మొదలుపెట్టాడు. నేల కఠినం కాబట్టి చెక్క చెప్పులు తొడిగేవారు. ఈసారి పెద్దలను ధిక్కరించకుండా, అనుమతితో, నెమ్మదిగా సాగింది. వందేళ్ళు తిరిగేసరికి ఆ పాయే అసలు ఏటికన్నా పెద్దదయింది. 1517లో పదవ లియో పోపుగారు సభను రెండుగా విడదీశారు. 1528లో మూడో పాయ వచ్చింది. పొడుగాటి కోసు టోపీ, గడ్డం, మట్టిరంగు అంగీ. ఆ టోపీని ఇటాలియన్‌లో కపూచ్చో అంటారు, అందుకే వారు కపూచిన్లు అయ్యారు. పట్నాల హోటళ్ళలో నురుగు తేలే కపుచినో కాఫీకి ఆ పేరు వచ్చింది వారి అంగీ రంగు నుంచే.

1563లో ట్రెంట్ మహాసభ భిక్షు సభలకు ఉమ్మడి ఆస్తి ఉండవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, కపూచిన్లనూ, 1517లో విడివడిన పాత పద్ధతి వారినీ మినహాయించింది. మాకు వద్దన్నవారికి వద్దనే ఉంచారన్నమాట. ఈ మూడు పాయలూ ఇప్పటికీ ఉన్నాయి.

ఈ సోదరుల అడుగులు మన వైపు కూడా పడ్డాయి. చైనాకు పోతూ జొవాన్ని మోంతెకొర్వీనో అనే ఫ్రాన్సిస్కను 1291 ప్రాంతంలో 13 నెలలు దక్షిణ భారతంలో ఆగాడు. మైలాపూరు తోమాసువారి చర్చి దగ్గర ఉన్నాడు. వెంట వచ్చిన డొమినికన్ సోదరుణ్ణి అక్కడే పూడ్చిపెట్టాడు. 1510లో పోర్చుగీసు అధికారి అల్బుకర్కు, కోళికోడు జామోరిన్‌కు వ్యతిరేకంగా సాయం కోరుతూ శ్రీకృష్ణదేవరాయల వద్దకు పంపిన రాయబారి లూయీ అనే ఫ్రాన్సిస్కను. నాణెం ముట్టరాదన్న సభవాడు గుర్రాల వ్యాపారం, ఓడరేవుల బేరం మాట్లాడడానికి విజయనగరం రావడం కాలమహిమే. 1642 నుంచి మద్రాసు కోటలో ఫ్రెంచి కపూచిన్లు ఉండేవారు.

పొర్జియుంకొలా గుడి ఇప్పటికీ ఉంది. దాని మీద, 1569లో మొదలుపెట్టి, వందేళ్ళకు పైగా ఒక బ్రహ్మాండమైన చర్చి కట్టారు. పెద్ద గోదాములో చిన్న గూడు పెట్టినట్టు, ఆ గోపురం కింద పాత గుడి నిలబడి ఉంటుంది. ఫ్రాన్సిస్ పోయింది దానికి కొన్ని అడుగుల దూరంలోనే. 2026 అక్టోబరుతో దానికి 800 ఏళ్ళు.

ఆ చివరి రోజుల సంగతి ఆయన జీవితచరిత్ర రాసిన చెలానో తోమాసు చెబుతాడు. కళ్ళు దాదాపు కనబడని ఫ్రాన్సిస్, తన ఒంటి మీది అంగీ తీసేసి వట్టి నేల మీద పడుకోబెట్టమన్నాడు. చుట్టూ ఉన్నవారు ఏడుస్తున్నారు. అప్పుడు సంరక్షకుడిగా ఉన్న సోదరుడికి ఒక ఉపాయం తట్టింది. అంగీ, లాగు, టోపీ తెచ్చి ముందు పెట్టాడు. ఇవి నీకు ఇవ్వడం లేదు, అరువిస్తున్నాను, వీటి మీద నీకు ఏ హక్కూ లేదు, ఇంకెవరికీ దానం చేయడానికి కూడా వీల్లేదు, తొడుక్కోమని నా ఆజ్ఞ అన్నాడు. ఫ్రాన్సిస్ మొహం విప్పారింది. చేతులు పైకెత్తి దేవుడికి దండం పెట్టి, ఆ అరువు బట్టలు తొడిగించుకున్నాడు.